మహిళలకు అనువైన హోల్‌స్టర్: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

టెక్సస్‌లో తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్ పరిసరాల్లో నేను మహిళలకు పిస్టల్ శిక్షణ ఇస్తుంటాను. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది తుపాకీ ఎంపిక గురించి నెలల తరబడి ఆలోచిస్తారు గానీ, దాన్ని ఒంటిమీద నిలిపే హోల్‌స్టర్‌ను మాత్రం ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనేస్తారు. అది కూర్చుంటే పొడుస్తూ, నడిస్తే జారుతూ ఉండేసరికి నాలుగు రోజుల్లోనే తుపాకీ హ్యాండ్‌బ్యాగ్‌లోకి, అక్కడినుంచి కారు అరలోకి చేరుతుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది కాబట్టి, హోల్‌స్టర్ సౌకర్యాన్ని నేను భద్రతలో భాగంగానే చూస్తాను.

హోల్‌స్టర్ కన్నా ముందు తేల్చుకోవలసినది చట్టపరమైన అర్హత. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి, తుపాకీ కలిగి ఉండే అర్హత ఉన్నవారు లైసెన్స్ లేకుండానే పిస్టల్ ధరించవచ్చునన్న మాట మనవాళ్లలో బాగా ప్రచారమైంది. కానీ ఆ అర్హతను నిర్ణయించడంలో ఫెడరల్ చట్టం కూడా ఉంది. దాని ప్రకారం హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, పరిమితమైన కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండరాదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో దుస్తుల చాటున తుపాకీ ధరించడానికి లైసెన్స్ తప్పనిసరి. ఇక్కడి నుంచి అక్కడికి మారే కుటుంబాలు ఈ తేడాను ముందే తెలుసుకోవాలి.

అపోహ: తుపాకీ, హోల్‌స్టర్ ఎంత చిన్నవైతే ఆడవాళ్లకు అంత హాయిగా ఉంటాయి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఇదే, ఎక్కువమంది డబ్బు వృథా చేసుకునేదీ దీనివల్లే. నడుము బెల్టు దగ్గర నిలిచిన పిస్టల్‌లో పిడి, అందులోని తూటాల బరువు బెల్టుకు పైన ఉంటాయి; గొట్టం బెల్టుకు కింద ఉంటుంది. గొట్టం మరీ పొట్టిగా ఉంటే కింద ఆనిక చాలక, పై బరువుకు పిడి బయటికి వాలిపోయి, చొక్కాలోంచి పొడుచుకొచ్చినట్లు కనిపిస్తుంది. దాన్ని అదిమిపెట్టడానికి బెల్టు బిగిస్తారు, బిగించిన చోట ఒరుసుకుంటుంది, ఆ మంటకు హోల్‌స్టర్‌నే తప్పుపడతారు. పిస్టళ్లలో సిగ్ పీ365 గొట్టం పొడవు 3.1 అంగుళాలు, గ్లాక్ 19ది 4.02 అంగుళాలు. వీటిలో చిన్నదైన మొదటి తుపాకీని కూడా దాని గొట్టం కన్నా కాస్త పొడవైన హోల్‌స్టర్‌లో పెట్టినప్పుడు, కింది భాగం పొత్తికడుపుకు ఆని పిడి తనంతట తానే ఒంటికి దగ్గరవుతుందని చాలామంది స్వయంగా ధరించి చూసేదాకా నమ్మరు.

దీనికి తోడ్పడే భాగాలు రెండున్నాయి. హోల్‌స్టర్ లోపలి వైపు, గొట్టం చివర అతికించే నురుగు దిండు కింది భాగాన్ని ఒంటినుంచి కొద్దిగా ఎడంగా నెట్టి, పై భాగాన్ని లోపలికి వంచుతుంది; గట్టి అంచును మెత్తని దిండు కప్పేస్తుంది కాబట్టి పొడవడం కూడా తగ్గుతుంది. ట్రిగ్గర్ వైపు బిగించే చిన్న రెక్క బెల్టు లోపలి అంచుకు ఆని, పిడిని ఒంటివైపు తిప్పుతుంది. ఈ రెండూ లేని హోల్‌స్టర్‌ను, ముఖ్యంగా పొట్ట ముందు ధరించేవారికి, నేను సిఫారసు చేయను. పైగా మరీ చిన్న, తేలికైన పిస్టళ్లు పేల్చినప్పుడు చేతిని గట్టిగా తన్నుతాయి; ఆ నొప్పికి భయపడి సాధన మానుకున్నవారు నాకు చాలామందే తెలుసు.

అపోహ: భర్తకు సరిపోయిన చోటే భార్యకూ సరిపోతుంది.

కుడి తుంటి మీద, కాస్త వెనక్కి ధరించడం మగవాళ్లలో చాలామందికి అలవాటు. ఆడవాళ్లలో సాధారణంగా నడుము సన్నబడి, దాని కింద తుంటి వెడల్పవుతుంది. ఆ వంపు మీద కూర్చున్న హోల్‌స్టర్ అడుగు బయటికి, పిడి పక్కటెముకల్లోకి తిరుగుతాయి. పైగా మొండెం పొడవు తక్కువగా ఉన్నవారు, నడుము ఎత్తుగా ఉండే ప్యాంటు వేసుకున్నప్పుడు, తుపాకీని బయటికి లాగాలంటే మోచేతిని చంక దాకా ఎత్తవలసి వస్తుంది. అందుచేత చాలామంది మహిళలకు పొట్ట ముందు, బొడ్డుకు కాస్త కుడివైపున, కొంచెం దిగువగా కూర్చునే హోల్‌స్టర్ అనుకూలంగా ఉంటుంది. ఎత్తునూ వాలునూ మరలతో మార్చుకునే వీలున్నదాన్నే కొనుక్కోవాలి, ఎందుకంటే ఒక్క అర అంగుళం దించినా కూర్చున్నప్పుడు ఎంతో తేడా తెలుస్తుంది. సిజేరియన్ మచ్చ ఇంకా నొప్పిగా ఉన్నవారికి, గర్భిణులకు ఈ చోటు కుదరకపోవచ్చు. వారికి తుంటిమీద ముందుకు వాలిన అమరిక మేలు.

అపోహ: మెత్తని గుడ్డ హోల్‌స్టరే ఒంటికి సుఖం.

సుఖమన్న మాట నిజమే, కానీ అది మాత్రమే చూడకూడదు. ట్రిగ్గర్ గార్డును, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని, గట్టి కవచం పూర్తిగా కప్పాలి, బయటినుంచి వేలు గానీ మరే వస్తువు గానీ ట్రిగ్గర్‌ను కదిలించలేకుండా ఉండాలి, తుపాకీ తీశాక కూడా హోల్‌స్టర్ నోరు ముడుచుకుపోకూడదు. పలుచని సాగే బట్ట ఈ మూడింటిలో దేన్నీ తీర్చదు. నా తరగతిలో నీలిరంగు ప్లాస్టిక్ నమూనా పిస్టల్‌ను అలాంటి బట్టతో చేసిన, పొట్ట చుట్టూ చుట్టుకునే పొట్టపట్టీలో పెట్టించి, బట్టమీంచే ట్రిగ్గర్‌ను వేలితో తడిమి చూడమంటాను. ఆ తరువాత నేను వేరే వివరణ ఇవ్వనక్కర్లేదు. పొట్టపట్టీయే కావాలనుకుంటే, దానిలోపల మీ పిస్టల్ మోడల్‌కే తయారుచేసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) కవచం ఉన్నదాన్ని వెతకండి. బ్రాకు తగిలించే హోల్‌స్టర్లను నేను నేర్పించను. తుపాకీని తీసేటప్పుడు గానీ తిరిగి పెట్టేటప్పుడు గానీ గొట్టం సొంత చేతివైపో, పక్కనున్నవారివైపో తిరగకుండా చూసుకోవడం చాలా కష్టం.

అపోహ: తుపాకీ కోసమే కుట్టిన హ్యాండ్‌బ్యాగ్ ఉంటే ఇక హోల్‌స్టర్‌తో పనిలేదు.

2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్ పట్టణంలో, సరుకులు కొనడానికి వెళ్లిన ఒక యువతి బ్యాగులోంచి ఆమె రెండేళ్ల కొడుకు పిస్టల్ తీశాడు. అది పేలి ఆమె మరణించింది. ఆ బ్యాగు తుపాకీ పెట్టుకోవడానికి ప్రత్యేకంగా తయారైనదే, జిప్పున్న అర కూడా దానికి ఉంది. బ్యాగు బండిలో పెడతాం, కుర్చీకి తగిలిస్తాం, పేరంటానికి వెళ్తే పడకగదిలో మంచంమీద పడేస్తాం, అక్కడే పిల్లలు ఆడుకుంటుంటారు. టెక్సస్‌లో గుళ్లు నింపిన తుపాకీ నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందడం నేరం. చిన్నపిల్లల తల్లులు ఒంటిమీద నిలుపుకోలేని తుపాకీని ఇంట్లో తాళమున్న పెట్టెలో ఉంచి బయటికి వెళ్లడమే సరైన పని అని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: కుర్తీ వేసుకుంటే ఏదైనా దాగిపోతుంది.

దాగుతుంది, కానీ లెగ్గింగ్స్ నడుము బట్టకు క్లిప్పు నిలవదు. తుపాకీ తీయబోతే హోల్‌స్టర్ కూడా వెంటే వస్తుంది. ప్యాంటుతో నిమిత్తం లేకుండా, చర్మానికి ఆనుకుని సొంత బెల్టుతో నిలిచే చట్రానికి బిగించిన గట్టి హోల్‌స్టర్ ఇటువంటి దుస్తులకు చక్కగా సరిపోతుంది. మోకాళ్ల దాకా ఉండే కుర్తీని పైకి లాగడానికి సమయం పడుతుంది కాబట్టి, పక్క చీలిక ఎంత ఎత్తుదాకా ఉందో చూసుకుని, ఖాళీ తుపాకీతోనే సాధన చేయాలి. చీర మీద నమ్మకంగా పనిచేసే పద్ధతి నాకింతవరకు కనబడలేదు. పెళ్లికో గుడికో చీర కట్టుకున్న రోజున తుపాకీని ఇంటి పెట్టెలోనే ఉంచమని చెబుతాను.

కొత్త హోల్‌స్టర్ రాగానే తుపాకీని ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టి, ఆ ఖాళీ తుపాకీని హోల్‌స్టర్‌లో ఉంచి, హోల్‌స్టర్‌ను బోర్లించి కొద్దిగా కుదిపి చూడండి, పిస్టల్ జారకూడదు. తరువాత రెండు మూడు వారాలు ఇంట్లోనే ధరించి, వంగి బూట్లు కట్టుకోండి, పిల్లను ఎత్తుకోండి, కారులో సీటు బెల్టు పెట్టుకుని కూర్చోండి, బాత్‌రూమ్‌కు వెళ్లిరండి. పిల్లల స్కూల్లోకి వెళ్లేటప్పుడు విప్పవలసి వస్తుంది కాబట్టి, తుపాకీని బయటికి తీయకుండా హోల్‌స్టర్‌తో సహా ఒకే ముక్కగా ఊడదీయడం, తిరిగి తగిలించడం కూడా అప్పుడే అలవాటు చేసుకోవాలి. క్లిప్పుల మరలు వాడేకొద్దీ వదులవుతాయి, వారానికోసారి బిగించి చూసుకోండి.