వీక్లీ టెస్టు రోజు కడుపునొప్పి

సోమవారం వీక్లీ టెస్టు. ఆదివారం రాత్రి నుంచే కడుపునొప్పి. టెస్టు టైము దాటగానే నొప్పి మాయం. ఇంట్లోవాళ్లు ‘నాటకాలు’ అనేస్తారు. నాటకమేమీ కాదు, ఆ నొప్పి నిజంగానే వస్తుంది.

మెదడు లోపల బాదం గింజంత ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టిందంటే చాలు, ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, పొట్టకు వెళ్లే రక్తం తగ్గి కండరాలకు మళ్లుతుంది. కడుపులో తిప్పేది అప్పుడే. కలబడడానికో పారిపోవడానికో శరీరం చేసుకునే ఈ సన్నాహాన్ని హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కేనన్ 1915లోనే వివరించాడు. పాము ఎదురైతే ఇది ప్రాణం కాపాడుతుంది. ఫిజిక్స్ పేపరు ముందు దీంతో ఏం చేసుకోవాలి? పైగా ‘మార్కులు తగ్గితే నాన్నకేం చెప్పాలి’ అన్న బెంగ బుర్రంతా నిండిపోతే, లెక్క చేయడానికి అందులో చోటుండదు. రాత్రి గడగడా అప్పజెప్పిన ఫార్ములా పొద్దున గుర్తురాదు.

కాస్త టెన్షన్ ఉంటే తప్పేం లేదు, పుస్తకం తీయించేది అదే. చిక్కంతా తప్పించుకోవడంతో మొదలవుతుంది. జాలిపడి అమ్మ ఆ రోజు కాలేజీ మాన్పిస్తుంది. వెంటనే హాయిగా ఉంటుంది. ‘వెళ్లలేదు కాబట్టే గండం గడిచింది’ అని మెదడు నేర్చుకునేదీ ఆ హాయి వల్లే. వచ్చే సోమవారానికి భయం ఇంకాస్త పెరుగుతుంది.

అందుకే మానసిక నిపుణులు భయపడే పనినే చిన్న చిన్న ముక్కలుగా చేయిస్తారు. మొదట ఇంట్లో గడియారం పెట్టుకుని పాత పేపరు రాయడం, తర్వాత ఒక స్నేహితుడి ఎదుట, ఆ తర్వాత క్లాసులో. దడ పుట్టినా లేచిపోకుండా కూర్చుంటే, కాసేపటికి అదే తగ్గుతుందని శరీరానికే తెలుస్తుంది. హాల్లో అయితే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంత తగ్గుతుంది. ‘టెన్షన్ పడకు’ అని పదిసార్లు చెప్పడం కన్నా ఇది నేర్పడం మేలు.

వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతింటున్నా, కాలేజీ పేరెత్తితేనే వణికిపోతున్నా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయొద్దు. ‘చచ్చిపోవాలనిపిస్తోంది’ అంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లలు నేరుగా ఫోన్ చేసుకోవచ్చు, తల్లిదండ్రులూ చేయవచ్చు.