హైవే ఎక్కిస్తే కార్బన్ పోతుందా?

"ఎప్పుడూ సిటీలోనే తిప్పుతున్నారు కదా బాబూ, ఓపాలి ఆనందపురం దాకా గట్టిగా తొక్కి రండి. కార్బనంతా పోద్ది." కార్బనంటే ఇంజిన్ లోపల పేరుకునే మసి. పికప్ లేదనో, మైలేజీ పడిపోయిందనో కారు తీసుకెళ్తే విశాఖలో పాత మెకానిక్‌లు తరచుగా ఇచ్చే సలహా ఇది. ఇటాలియన్ ట్యూనప్ అనే పేరుతో వేరే దేశాల్లోనూ ఇదే చిట్కా చెబుతారు. ఈ మాటలో నిజం ఉంది. కాకపోతే ఆ నిజం వేగంలో లేదు. ఇంజిన్ బరువు లాగుతూ, తగినంతసేపు బాగా వేడెక్కి ఉండటంలో ఉంది. ఈ తేడా పట్టించుకోకపోతే మేలు కోసం చేసిన పనే కీడు చేస్తుంది.

ముందు, సిలిండర్‌లో పెట్రోలుని రవ్వతో అంటించే స్పార్క్ ప్లగ్ సంగతి చూద్దాం. ప్లగ్ కొసన ఎలక్ట్రోడ్ చుట్టూ తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది. పెట్రోలు సరిగా కాలనప్పుడు దాని మీద మసి పేరుకుంటుంది. మసిలోంచి కరెంటు పారుతుంది. అందుకని కొసన నిప్పురవ్వగా దూకాల్సిన కరెంటు ఆ మసి పొర మీదుగా జారిపోయి ఇంజిన్ మిస్సవుతుంది. పింగాణీ ముక్కు వేడి సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. 850 ప్రాంతం దాటిందా, రవ్వ పడకముందే ప్లగ్ వేడికి ఇంధనం అంటుకునే ప్రమాదం. ఈ రెండు హద్దుల మధ్య ఉండేలా చూసే ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో రకం ప్లగ్ పెడతారు. జగదాంబ సెంటర్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడ్డ కారులో ప్లగ్ కింది హద్దుని కూడా అందుకోకపోవచ్చు. హైవే మీద పావుగంట లాగితే అందుకుంటుంది. మెకానిక్ విప్పి చూపించిన ప్లగ్ లేత గోధుమరంగులో ఉంటే ఇబ్బంది లేదు. పొడి మసి పట్టి ఉంటే హైవే ప్రయాణం పనికొస్తుంది. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే మాత్రం సిలిండర్‌లోకి ఆయిల్ దిగుతోందన్నమాట. ఎంత దూరం తోలినా అది బాగవదు.

అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీల రోజుల్లో ఈ చిట్కాకి ఇంకా బలం ఉండేది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో పెట్రోలు పాళ్లు స్క్రూ తిప్పి సరిచేసేవారు. చోక్ లాగి స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువై మసి బాగా పట్టేది. 2000 ఫిబ్రవరిలో మన దేశం సీసం కలిపిన పెట్రోలుకి స్వస్తి చెప్పేదాకా దానికి సీసపు పొర కూడా తోడయ్యేది. ఇప్పటి కార్లలో పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ ఎప్పటికప్పుడు పెట్రోలు కొలుస్తుంది. మసి తక్కువ, కాబట్టి కాల్చుకోవలసిన అవసరమూ తక్కువే.

ఇప్పటికీ తీరని బాధ ఇంజనాయిల్‌ది. నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. లీటరు పెట్రోలు కాలితే రమారమి 900 మిల్లీలీటర్ల నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్‌లోకి దిగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాలీకాలని పెట్రోలు కూడా అదే దారి పడుతుంది. ఎంవీపీ కాలనీ నుంచి సిరిపురం దాకా వెళ్లి ఆపేసే కారులో ఈ రెండూ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. డాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకి వచ్చిందని మనం తృప్తి పడతాం గానీ అది చూపించేది కూలెంట్ వేడిని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం వేడిని. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలాసేపు పడుతుంది. అది వంద డిగ్రీల దాపుకి చేరి కొంతసేపు అక్కడే నిలిస్తేనే నీరూ, పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగమూ బయటపడతాయి. రోజూ చిన్న దూరాలే తిరిగే కారుకి ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూడండి. వానాకాలంలో ఒక్కోసారి అక్కడ మజ్జిగ మీద మీగడలా లేత పసుపు జిడ్డు కనిపిస్తుంది. అది ఆవిరీ ఆయిలూ కలిసి చిలికిన నురగ. మూతకే ఉంటే ఒక మంచి దూరప్రయాణంతో పోతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు కనబడి, కూలెంట్ తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద, కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే పట్టీ) పోయిందేమో చూపించాలి. అలాంటి కారుని హైవే ఎక్కించకండి.

మరి వేడెక్కించడం ఎలా? నిలబెట్టి రేజ్ చేస్తే చాలనుకునేవాళ్లు చాలామంది. న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా ఇంజిన్ లాగుతున్న బరువేమీ లేదు. బరువు లేకపోతే ఒక్కో స్ట్రోకుకి కాలే ఇంధనం కొంచెమే, సిలిండర్‌లో పుట్టే వేడీ కొంచెమే. శబ్దం మాత్రం వీధంతా వినబడుతుంది. బరువు ఎంత తేడా తెస్తుందో లెక్క వేసి చూడండి. 1300 కిలోల కారు బీచ్ రోడ్డులో గంటకి 40 కిలోమీటర్ల వేగంతో సాగాలంటే చక్రాలకి రెండు మూడు కిలోవాట్లు చాలు. అదే కారు అదే వేగంతో అనంతగిరి ఘాట్‌లో, వంద మీటర్లకి ఆరు మీటర్ల ఎత్తున ఎక్కుతోందనుకుంటే, ఎత్తెక్కడానికే ఎనిమిది కిలోవాట్లు దాటి అదనంగా కావాలి. వేగం మారలేదు, పని నాలుగింతలైంది. కుటుంబంతో అరకు వెళ్లొచ్చిన కారు మర్నాడు హాయిగా నడుస్తోందని అనిపిస్తే అది వట్టి భ్రమ కాకపోవచ్చు.

వేడితో పోని మురికి కూడా ఉంది. ఆయిల్ మార్చకుండా ఏళ్లు గడిపితే అడుగున గట్టిపడిన మడ్డి ఎంత తోలినా కరగదు. ఈ మధ్య ఎక్కువగా వస్తున్న టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) ఉన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది. పాత పద్ధతిలో పెట్రోలు, సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వ్ వెనక పడి, అందులోని డిటర్జెంటుతో దాన్ని కడిగేది. ఇప్పుడా స్నానం లేదు. ఇంజిన్ అడుగుభాగమైన క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వ్ వెనక మాడి గట్టిపడుతుంది. హైవే మీద ఎంత తోలినా, ట్యాంకులో ఏ క్లీనర్ పోసినా అక్కడికి అందదు. గాలి లోపలికి వెళ్లే గొట్టాల భాగం (మానిఫోల్డ్) విప్పి, అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి తీయడం దీనికి పేరున్న పద్ధతి.

డీజిల్ కార్ల విషయంలో మాత్రం ఈ చిట్కా యజమానికిచ్చే మాన్యువల్‌లోకే ఎక్కింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటోంది. అది నిండినప్పుడు లోపల వేడిని సుమారు 600 డిగ్రీలకి పెంచి మసిని కాల్చేస్తారు. కంప్యూటర్ అందుకోసం అదనంగా డీజిల్ చిమ్ముతుంది. కారు నిలకడగా సాగుతుంటే పని పూర్తవుతుంది. మధ్యలో ఇంటికొచ్చామని ఆపేస్తూ ఉంటే మసి అలాగే మిగిలిపోతుంది. పైగా కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగి డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గలేదు, ఇంకా పెరిగిందని సంబరపడకూడదు, అది పల్చబడిందన్నమాట. ఫిల్టర్ లైటు వెలిగితే ఆలస్యం చెయ్యకుండా హైవే ఎక్కించండి. అయితే ఇంజనాయిల్ కాలగా మిగిలిన బూడిద ఏ వేడికీ పోదు, అందుకే ఈ కార్లకి తక్కువ బూడిదనిచ్చే ఆయిలే పోయాలి.

ఎలా తోలాలో కూడా చెబుతాను. మద్దిలపాలెం నుంచి బయల్దేరితే మధురవాడ దాటేదాకా మామూలుగానే వెళ్లండి. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి సందుల్లోకి తొందరగా పాకదు. ఆ సమయంలో గట్టిగా తొక్కితే బేరింగులు, టర్బో అరుగుతాయి. ఆ తర్వాత రోడ్డు ఖాళీగా ఉన్నచోట థర్డ్ గేర్‌లో 60, 70 వేగంతో పదిహేను ఇరవై నిమిషాలు పోతే సరిపోతుంది. చిన్న పెట్రోలు కారులో అప్పుడు ఇంజిన్ నిమిషానికి మూడు, మూడున్నర వేల చుట్లు తిరుగుతుంది. నూటయాభైలో దూసుకుపోవలసిన పనే లేదు. తిరిగొచ్చాక టర్బో ఉన్న కారుని వెంటనే ఆపేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి.

రోజూ పిల్లల్ని బడికీ, పెద్దవాళ్లని ఆసుపత్రికీ తిప్పడమే తప్ప ఊరు దాటే వీలు లేనివాళ్లు మాన్యువల్‌లో కఠిన పరిస్థితుల పట్టిక చూడండి. చిన్న దూరాలు, ఆగి ఆగి సాగే ట్రాఫిక్, దుమ్ము రోడ్లు దాని కిందికే వస్తాయి. చాలా కార్లకి అందులో ఆయిల్ గడువు బాగా తక్కువగా ఉంటుంది. కిలోమీటర్లు నిండలేదని ఆగకుండా నెలల లెక్కన మార్పించండి. దుమ్ము ఎక్కువుండే పోర్టు వైపు ఉండేవాళ్లు, ఇంజిన్‌లోకి పోయే గాలిని వడకట్టే ఎయిర్ ఫిల్టర్ కూడా అప్పుడే విప్పి చూపించమని అడగండి.