అన్నీ ఒక్కరే చేసేయాలా? మల్టీమీడియా జర్నలిజం: అపోహలు - వాస్తవాలు

జర్నలిజం కోర్సులో కొత్తగా చేరినవాళ్లూ, పత్రికల్లో ఏళ్లతరబడి రాసి ఇప్పుడు "వీడియోలు కూడా చెయ్యాలట" అని టెన్షన్ పడుతున్నవాళ్లూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒకే వార్తను పేపర్‌కి, వెబ్‌సైట్‌కి, యూట్యూబ్‌కి, ఆడియోకి, ఫోన్లో నిలువుగా చూసే చిన్న వీడియోకి ఎలా ఇవ్వాలో నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి తరచూ చెవిన పడే అపోహల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నా. కొన్నింటికి రెండు ముక్కల్లో జవాబుంది, కొన్నింటికి కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి.

అపోహ: మల్టీమీడియా జర్నలిస్ట్ అంటే అన్ని పనులూ ఒంటిచేత్తో, ఒకే స్థాయిలో చేసేవాళ్లు

ఉద్యోగ ప్రకటనలు చూస్తే అలాగే అనిపిస్తుంది. రిపోర్టింగ్, షూటింగ్, ఎడిటింగ్, వాయిస్ ఓవర్, గ్రాఫిక్స్, సోషల్ మీడియా, ఆపైన "ఒత్తిడిలో పనిచేయగలగాలి" అని ఒక లైను. అష్టావధాని కావాలని నేరుగా రాస్తే సరిపోయేది.

వాస్తవం ఏంటంటే ఒక పని లోతుగా వచ్చి, మిగతావి పక్కవాళ్లతో కలిసి పనిచేసేంతగా తెలిసినవాళ్లే న్యూస్‌రూముల్లో నిలబడతారు. ఇది కొత్త సంగతేం కాదు. 2000లో అమెరికాలోని టాంపాలో టాంపా ట్రిబ్యూన్ అనే దినపత్రికను, డబ్ల్యూఎఫ్ఎల్ఏ అనే టీవీ స్టేషన్‌ను, వాళ్ల వెబ్‌సైట్‌ను ఒకే భవనంలోకి తెచ్చారు. ఇక పేపరోళ్లు టీవీలో, టీవీవాళ్లు పేపర్లో కనిపిస్తారని ప్రపంచమంతా ఆ భవనం వైపు చూసింది. కొంతవరకు అలా జరిగింది కూడా. కానీ అక్కడ బాగా పనికొచ్చింది, ఒకరికి తెలిసిన సమాచారం ఇంకొకరికి వెంటనే అందడం, ఏ వార్త ఎక్కడ ముందు రావాలో కలిసి కూర్చుని తేల్చుకోవడం. ఆ పత్రిక 2016లో మూతపడింది, అది వేరే కథ. ఒక భవనంలో కూర్చోబెట్టినంత మాత్రాన రాసేవాళ్లు రాత్రికి రాత్రి కెమెరామన్లు అయిపోరని మాత్రం అప్పుడే తేలిపోయింది.

కాబట్టి మీకు రాత బాగా వస్తే రాతనే ఇంకా పదును పెట్టుకోండి. వీడియో ఎడిటర్ "కట్‌అవేలు (మధ్యలో అతికించే వేరే షాట్లు) లేవు, ఈ బైట్ (రికార్డు చేసిన మాట) ఎలా కట్ చెయ్యమంటారు?" అని విసుక్కున్నప్పుడు ఆ బాధేంటో అర్థమయ్యేంత వీడియో నేర్చుకుంటే మొదటి ఏడాదికి అది చాలు.

అపోహ: ఒకసారి రాసేస్తే సరి, మిగతాచోట్ల అతికించడమే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, అందుకే కాస్త ఎక్కువసేపు దీని దగ్గర ఆగుతా.

ఈ వాక్యం చూడండి: "ప్రమాదంలో ముగ్గురు చనిపోయారని, డ్రైవర్ నిద్రమత్తే దీనికి కారణమని పోలీసులు తెలిపారు." పేపర్లో ఏ ఇబ్బందీ లేదు, కన్ను వాక్యం మొత్తాన్ని ఒక్కసారి పట్టేస్తుంది. అదే వాక్యాన్ని మైకు ముందు చదవండి. పోలీసుల మాట చివర్లో గానీ రాదు, అప్పటిదాకా డ్రైవర్ నిద్రపోయాడని చెబుతున్నది మీ గొంతే. ఆ ఆడియోని ముప్పై సెకన్ల క్లిప్‌గా కుదిస్తూ ఎవరో హడావిడిలో చివరి రెండు మాటలు ఎగరగొట్టారనుకోండి, ఆరోపణ పూర్తిగా మీ ఖాతాలో పడుతుంది. అందుకే వినేవాళ్ల కోసం రాసేటప్పుడు ఎవరు చెప్పారో ముందు రావాలి: "పోలీసులు చెబుతున్నదాని ప్రకారం, డ్రైవర్ నిద్రమత్తు వల్లే ప్రమాదం జరిగింది. ముగ్గురు చనిపోయారు."

అంకెలూ అంతే. పేపర్లో 4,87,350 అని వేయాల్సిందే, చెవికి మాత్రం "దాదాపు ఐదు లక్షలు" అంటేనే ఎక్కుతుంది. అచ్చులో నాలుగు వరుసలు సాగే వాక్యం, ఎంత అందంగా ఉన్నా సరే, గొంతులోకి వచ్చేసరికి ఊపిరి చాలదు. స్క్రిప్ట్ రాశాక పైకి చదవమని అందుకే చెబుతాం. మనసులో చదువుకుంటే ఇవేవీ దొరకవు.

ఇంతవరకూ రాత గురించి. అసలు చిక్కు ఇంకా ముందే మొదలవుతుంది, ఫీల్డ్‌లో. ఒక కాలనీకి పది రోజులుగా నీళ్లు రావట్లేదు, మీరు వెళ్లారు. పేపర్ కోసమైతే ఏ తేదీ నుంచి ఆగాయి, ఎన్ని ఇళ్లు, అధికారులకు ఎప్పుడు ఫిర్యాదు చేశారు, వాళ్లేమన్నారు, ఈ నాలుగూ నోట్‌బుక్‌లో ఉంటే కాపీ (రాసిన వార్త) నిలబడుతుంది. వీడియోకి ఆ నోట్‌బుక్ ఎందుకూ పనికిరాదు. కుళాయి తిప్పుతున్న చెయ్యి దగ్గరగా కావాలి, తిప్పుతున్న మనిషి ముఖం కావాలి, ఆ వెనక ఖాళీ బిందెల వరస దూరం నుంచి కావాలి, ఒక్కో షాట్ కెమెరా కదలకుండా కనీసం పది సెకన్లు. ఆడియోకి కుళాయిలోంచి గాలి బుస్సుమనే చప్పుడు ఒక్కటే పది వాక్యాల పని చేస్తుంది. ఆ ఇంటావిడ మాట్లాడుతున్నంతసేపూ మీరు మర్యాదకి "ఊ... ఊ... అవునండీ" అంటూ ఉంటే మాత్రం ఎడిటింగ్‌లో ఆ బైట్ వాడుకోలేం. తల ఊపండి చాలు. వెబ్‌సైట్‌కి ఫిర్యాదు కాగితం ఫొటో, తేదీ కనిపించేలా. నిలువు వీడియోకి ఒకే ఒక్క ప్రశ్న, "నీళ్లు ఎందుకు ఆగాయి?" అంతకుమించి అందులో కుక్కొద్దు.

ఆఫీసుకి తిరిగొచ్చాక వాక్యం మార్చుకోవచ్చు, హెడ్డింగ్ మార్చుకోవచ్చు. రికార్డు చెయ్యని చప్పుడుని, తియ్యని షాట్‌ని ఎవరూ పుట్టించలేరు. ఏ ప్లాట్‌ఫామ్‌కి ఏమిస్తామో బండి ఎక్కేముందే డెస్క్‌తో, అంటే ఆఫీసులో వార్తల్ని సరిచూసి తీర్చిదిద్దేవాళ్లతో, మాట్లాడుకోవాలి, అదీ ఐదు నిమిషాల పనే. నన్నడిగితే మల్టీమీడియా చదువులో ముప్పాతిక వంతు ఈ ఐదు నిమిషాలు అలవాటు చేసుకోవడమే.

అపోహ: మంచి కెమెరా ఉంటేనే మొదలుపెట్టాలి

అక్కర్లేదు. ఫోన్ చాలు. డబ్బులుంటే ముందు చొక్కాకి తగిలించే చిన్న మైకు కొనండి, ఆ తర్వాత ఇయర్‌ఫోన్స్. బొమ్మ కాస్త వణికినా జనం చూస్తారు, మాట వినిపించకపోతే చూడరు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటేనే నెత్తిమీద ఫ్యాన్ హోరు మైకులోకి ఎంత వస్తోందో తెలుస్తుంది, ఎందుకంటే మన చెవి దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది, మైకు మానెయ్యదు. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మంచి బైట్ మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు, ఏడుస్తూ చెప్పిన మాటని మళ్లీ చెప్పమని ఆ మనిషిని ఎలా అడుగుతాం?

"అడ్డంగా తీసేస్తా, నిలువుది తర్వాత క్రాప్ చేసుకుంటా" అని ఇంకో మాట. అడ్డంగా ఉండే 16:9 ఫ్రేమ్‌లోంచి నిలువు 9:16 కోసేస్తే మిగిలేది మూడో వంతు కంటే తక్కువ. ఇద్దరు మాట్లాడుకుంటున్న షాట్‌లో ఒకరే మిగులుతారు, ఒక్కోసారి ఇద్దరి మధ్యనున్న గోడ మిగులుతుంది. ముఖ్యమైన షాట్లు నాలుగైనా విడిగా నిలువుగా తియ్యండి.

అపోహ: ముందు సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవాలి

ఒకప్పుడు మల్టీమీడియా జర్నలిజం నేర్చుకోవాలంటే ఫ్లాష్ (బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు, గ్రాఫిక్స్ చేసే అడోబీ సాఫ్ట్‌వేర్) రావాల్సిందే అనేవారు. దానికోసం నెలల తరబడి కూర్చున్నవాళ్లున్నారు. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది, ఫ్లాష్‌లో చేసిన ఎన్నో కథనాలు ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకోవు కూడా. సోషల్ మీడియా పోస్టుల్ని ఒక కథగా పేర్చే స్టోరీఫై 2018లో, ఆరు సెకన్ల వీడియోల వైన్ 2017లో పోయాయి. చేతిలో ఉన్న ఏదో ఒక ఎడిటింగ్ యాప్ నేర్చుకోండి, దాన్ని గురించి మరీ ఎక్కువ ఆలోచించకండి.

ఏఐ టూల్స్ సంగతీ ఇదే. మాటని అక్షరాల్లోకి మార్చడానికి అవి బాగా ఉపయోగపడతాయి, నేనూ వాడతాను. పేర్లు, అంకెలు, అవును-కాదు తేడా వచ్చేచోట మాత్రం ఆడియో మళ్లీ విని సరిచూడకుండా కోట్స్‌లో పెట్టొద్దు.

అపోహ: ఇప్పుడెవరూ చదవట్లేదు, అంతా వీడియోనే

ఇదే నమ్మకంతో చేతులు కాల్చుకున్న సంస్థలున్నాయి. ఫేస్‌బుక్‌లో వీడియోల హవా నడుస్తున్న రోజుల్లో ఎన్నో న్యూస్‌రూములు రాసేవాళ్లని తగ్గించి వీడియో టీములు పెట్టుకున్నాయి. 2016 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ ఒక సంగతి ఒప్పుకుంది: సగటున ఎంతసేపు చూస్తున్నారనే లెక్కలో, మూడు సెకన్లలోపే దాటేసిన వాళ్లని అసలు కలపలేదట. వాళ్లని వదిలేస్తే సగటు పెరక్క ఏమవుతుంది? ఆ లెక్క 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువగా కనిపించి ఉండొచ్చని ప్రకటనల ఏజెన్సీలకు చెప్పింది. లెక్కని సరిదిద్దారు కానీ, పోయిన ఉద్యోగాలు వెనక్కి రాలేదు.

వీడియో వద్దని కాదు నేను చెప్పేది. బడ్జెట్ లెక్కల్లో ఏ పద్దు తగ్గింది, ఏది పెరిగింది అన్నది వీడియోలో చెబితే ఎవరికీ గుర్తుండదు, పట్టిక వేస్తే ఒక్క చూపులో అర్థమవుతుంది. గోడ కూలిన క్షణం మీద ఎన్ని పేరాలు రాసినా ఎనిమిది సెకన్ల ఫుటేజ్‌కి సాటి రాదు. వార్తని చూసి ఏది కావాలో తేల్చండి, ట్రెండ్‌ని చూసి కాదు. ఇక డాష్‌బోర్డులో "వ్యూస్" అని ఒక అంకె కనబడగానే పొంగిపోకుండా, ఎన్ని సెకన్లు చూస్తే దాన్ని వ్యూ అంటున్నారో ముందు అడగండి. ఒక్కో ప్లాట్‌ఫామ్ ఒక్కో రకంగా లెక్కేస్తుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో తప్పు దొర్లితే ఎప్పుడైనా సరిదిద్దుకోవచ్చు

వెబ్ కాపీలో నిజంగానే ఒక్క నిమిషం పని, అందుకే ఈ ధీమా. కానీ ఆ తప్పు ఇప్పుడు ఒక్క చోటే లేదు కదా. యూట్యూబ్‌లో పెట్టిన వీడియోలో ముక్క కత్తిరించొచ్చు గానీ అదే లింక్ మీద కొత్త ఫైల్ ఎక్కించడం కుదరదు. పాడ్‌కాస్ట్ ఫైల్ మార్చొచ్చు, అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో పాతదే ఉంటుంది. థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) మీద రాసిన మాటని అందరూ మర్చిపోతారు. వాట్సాప్‌లో తిరుగుతున్న క్లిప్‌ని ఎవరూ వెనక్కి పిలవలేరు. పేపర్‌లో మర్నాడు సవరణ వేసినా, నిన్నటి కాగితం ఇళ్లలో అలాగే ఉంటుంది.

మా దగ్గర నేర్చుకునేవాళ్లకి మొదటి వారమే చెప్పేది, ప్రతి కథనానికీ ఒక చిన్న షీట్ పెట్టుకోమని. ఈ వార్త ఎక్కడెక్కడికి వెళ్లింది, ఏ హెడ్డింగ్‌తో, ఏ టైముకి, ఎవరు పోస్ట్ చేశారు. రోజూ నింపాలంటే విసుగే. ఒకరి పేరు తప్పు పడి, ఆయన ఫోన్ చేసిన రోజు మాత్రం ఏడు చోట్ల సవరించాలా, తొమ్మిది చోట్లా అనేది ఈ షీట్ చూస్తేనే తెలుస్తుంది. సవరణ గుట్టుగా చెయ్యకండి, ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో కింద ఒక లైను రాయండి. ఆడియోలో దొర్లిన తప్పుని తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే, వీలైతే ఆ తప్పు చదివిన గొంతుతోనే చెప్పించండి. డిస్క్రిప్షన్‌లో రాసి ఊరుకుంటే, విని వెళ్లిపోయేవాళ్లకి అది ఎప్పటికీ చేరదు.