పన్నెండో రోజు బ్లీడింగ్ ఎవరి లెక్కలోది?

గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లిన మనిషికి పది, పన్నెండు రోజులకు ఉన్నట్టుండి బ్లీడింగ్ మొదలైతే తప్పెవరిది? హైదరాబాద్‌లో ఆస్పత్రులకూ పేషెంట్ల ఇంటివాళ్లకూ మధ్య ఈ పేచీ మళ్లీ రేగింది. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న గొడవ, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలుగు రాష్ట్రాలు రెండూ ముందుండటం అందరూ విన్నవే. ఆ జోలికి వెళ్లను. ఇప్పటి తగాదాకు ముడి డిశ్చార్జి తేదీ దగ్గరే పడింది.

పొట్ట కోసి చేసే రోజుల్లో కుట్లు విప్పేదాకా, అంటే దాదాపు వారం, వార్డులోనే ఉంచేవారు. 1988లో అమెరికా డాక్టర్ హ్యారీ రైక్ ల్యాప్రోస్కోపీతో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, గర్భసంచి తీశాక లెక్క మారింది. ఆ పద్ధతి మన దగ్గరా పాకి, రెండో రోజో మూడో రోజో ఇంటికి పంపేయడం మామూలైంది. నొప్పి తక్కువ, కాదనను. కానీ లోపలి గాయానికి ఆ తొందర తెలియదు. యోని పైభాగంలో వేసిన కుట్లు కరిగే వేళ, అక్కడ పేరుకున్న రక్తానికి ఇన్ఫెక్షన్ సోకితే రక్తస్రావం అవుతుంది. ఎక్కువగా 7 నుంచి 14 రోజుల మధ్యే. డాక్టర్లు దీన్ని సెకండరీ హెమరేజ్ అంటారు. ఆ కుట్టే విడిపోవడం అరుదు, అయితే ల్యాప్రోస్కోపీలో ఆ ప్రమాదం కాస్త ఎక్కువ.

ఆస్పత్రుల మాట ఒకటే: బరువులు ఎత్తి ఉంటుంది, రెస్ట్ తీసుకోలేదు.

ఇంటివాళ్ల చేతిలో ఉండే డిశ్చార్జి కాగితం చూడండి. ముప్పావు పేజీ మందులు. అడుగున ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క: రివ్యూ వారానికి, ఎస్‌ఓఎస్. అవసరమైతే రమ్మని దానర్థం. ఏది అవసరమో ఎవరు చెప్పాలి? కొన్ని వారాల పాటు చుక్కలుగా, గోధుమ రంగులో మరక కనిపించడం మామూలే. గంటలో ప్యాడ్ తడిసిపోయినా, గడ్డలు పడినా, జ్వరమూ దుర్వాసనా ఉన్నా అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో లేకపోబట్టే, నెలసరి మళ్లీ వచ్చిందేమోలే అని అత్తగారు రెండు రోజులు ఆగమంటుంది. గర్భసంచే లేని మనిషికి నెలసరి ఎక్కడిది!

తీరా మహబూబ్‌నగర్ నుంచి అర్ధరాత్రి కారు మాట్లాడుకుని వస్తే, కొత్త అడ్మిషన్, మళ్లీ అడ్వాన్స్. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నిబంధనల్లో, డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు వచ్చే కాంప్లికేషన్లు ప్యాకేజీలోనే చేర్చారు. చేతి డబ్బుతో చేయించుకున్నవాళ్లకు మాత్రం ఆస్పత్రి తన ప్యాకేజీ కాగితంలో ఏం రాసుకుంటే అదే గడువు. అది కూడా ఇంగ్లిష్‌లోనే.