బూడిద చిలకకి ఎర్ర ఈక ఎలా వస్తుంది?

బరంపురంలో చిలకలు పెంచే మా తెలుగువాళ్ల నోట ఒక మాట వింటుంటాను. గ్రే ప్యారట్‌కి, అంటే ఆఫ్రికా బూడిద చిలకకి, ఎండుమిరపకాయలు బాగా పెడితే వీపు మీద కూడా ఎర్ర ఈకలు వస్తాయట. తోక ఎలాగూ ఎర్రగానే ఉంటుంది కదా, ఇంకాస్త తినిపిస్తే ఆ ఎరుపు పైకి పాకుతుందని ఆశ. చిలక మిరపకాయల్ని ఇష్టంగానే తింటుంది. మన నోరు మండించే పదార్థం పక్షుల నరాల మీద పనిచేయదు కాబట్టి దానికి ఘాటు తెలియదు. రంగు మాత్రం రాదు.

అలా అనుకోవడంలో వింతేమీ లేదు. చలికాలంలో చిలికా సరస్సుకి వచ్చే ఫ్లెమింగోలను చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఫ్లెమింగో పిల్ల బూడిద రంగులోనే ఉంటుంది. నాచులోనూ, చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవుల్లోనూ ఉండే కెరొటినాయిడ్లనే రంగు పదార్థాలు తిని తిని గులాబీ రంగుకి వస్తుంది. ఆ మేత మానేస్తే కొత్త ఈకలు పాలిపోతాయి. చిలకల దారి వేరు. వాటి రక్తంలో కెరొటినాయిడ్లు తిరుగుతూనే ఉంటాయి గానీ ఈకలోకి చేరవు. ఎరుపు, పసుపు కోసం చిలకలు సొంతంగా ఒక రంగు పదార్థాన్ని తయారు చేసుకుంటాయి, అదీ ఈక మొలిచే కుదుట్లోనే. దాని పేరు సిట్టకోఫుల్విన్. చిలకల జాతిలో తప్ప మరే పక్షిలోనూ ఇది కనిపించదు.

పెట్స్ షాపుల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బడ్జీలను చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. బడ్జీ అసలు రంగు ఆకుపచ్చ. కానీ ఆ ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థం ఉండదు. ఈక లోపలి స్పాంజిలాంటి సన్నని అల్లిక వెలుతురును చెదరగొట్టి నీలాన్ని చూపిస్తుంది. దాని మీద పసుపు సిట్టకోఫుల్విన్ కలిస్తే మన కంటికి ఆకుపచ్చ. పసుపు తయారు చేసే జన్యువులో ఒక్క చిన్న మార్పు వచ్చినా పసుపు పోయి నీలం బడ్జీ పుడుతుంది. ఆ జన్యువు ఏదో 2017లో పట్టుకున్నారు.

గ్రే ప్యారట్‌లో అదే మార్పు వస్తే? పెంపకందార్లు దాన్ని కూడా 'బ్లూ' అనే పిలుస్తారు గానీ ఎంత వెతికినా నీలం కనిపించదు. ఒళ్లు బూడిద రంగులోనే ఉంటుంది, తోక మాత్రం తెల్లబడుతుంది. ఈ పక్షి ఈకల్లో నీలాన్ని చూపించే అల్లిక లేదు మరి. ఒంటి నిండా ఉన్నది మెలనిన్, మన జుట్టును నల్లగా ఉంచే పదార్థమే. రాలిన ఈకను నల్లగుడ్డ మీద పెట్టి చూస్తే నడుమ ముదురు బూడిద, అంచున తెల్లని గీత కనిపిస్తాయి. ఆ అంచుల వల్లే మెడ మీద పొలుసుల్లాంటి చారలు. గుడ్డకి అంటుకునే తెల్లని పొడి కూడా ఈకల నుంచే వస్తుంది, పక్షికి ఆ లేత బూడిద మెరుపు ఇచ్చేది అదే. మెలనిన్ తయారీ ఆగిపోతే ఒళ్లంతా తెలుపు, తోక ఎరుపు. నాకు చూడ్డానికి అదే అందంగా అనిపిస్తుంది.

అయితే రంగు తేడా ఉన్న ప్రతి పక్షీ వింత కాదు. ముదురు బూడిద ఒళ్లు, మెరూన్ తోక, పైముక్కు లేత రంగులో ఉంటే అది టిమ్నే, పశ్చిమాఫ్రికాకు చెందిన వేరే జాతి. తోక చివర కాస్త నల్లగా, కన్ను పసుపు తిరగకుండా ఉంటే ఇంకా పిల్ల.

అసలు చిక్కంతా వీపు మీదో రెక్క మీదో నాలుగు ఎర్ర ఈకలున్న పక్షితోనే. అమ్మేవాడు "రెడ్ ఫ్యాక్టర్ అండీ, దీని రేటు వేరు" అంటాడు. పుట్టుకతోనే ఎరుపు ఎక్కువుండే రకం అని దానర్థం. నిజంగానే అలాంటివి ఉన్నాయి. ఎరుపు ఎక్కువున్న పక్షుల్ని తరతరాలుగా ఎంచి జతకట్టించినవారు దక్షిణాఫ్రికాలో ఉన్నారు. కానీ ఎరుపు రావడానికి ఇంకా రెండు దారులున్నాయి, రెండూ మంచివి కావు.

ఒకటి గాయం. టెన్షన్‌తో తన ఈకలు తానే పీక్కునే గ్రే ప్యారట్లు చాలా ఉంటాయి. పదే పదే పీకితే కుదురు దెబ్బతిని, బూడిద ఈక ఉండాల్సిన చోట ఎర్రది మొలవొచ్చు. అమెజాన్ ప్రాంతపు ఆదివాసులకు ఇలాంటిది ఎప్పుడో తెలుసు. చిలక ఈకలు పీకి, ఆ చోట కప్ప ఒంటి స్రావం రాసి, పసుపు ఈకలు మొలిపించుకునేవారు.

రెండోది ముక్కు, ఈకల జబ్బు తెచ్చే సర్కో వైరస్. చాలా చిన్నది, మహా మొండిది. ఈకల పొడిలోనూ రెట్టలోనూ చేరి ఇంకో పక్షికి అంటుకుంటుంది. దీనికి మందు లేదు. గ్రే ప్యారట్‌లో ఇది ఒక్కోసారి ఎర్ర ఈకల రూపంలోనే బయటపడుతుంది. ఒంటి పొడి తగ్గి ముక్కు నిగనిగలాడుతుంటే అనుమానం ఇంకా పెరగాలి. కొనేవాళ్లకి ఆ మెరుపే ముచ్చటగా ఉంటుంది, అదీ తంటా.

అలాంటి ఈక చేతికి దొరికితే చివర నుంచి మొదలు దాకా చూడండి. ఈక మగ్గం మీద చీర లాంటిది, ముందు నేసిన అంచే ముందు బయటికొస్తుంది. చివర బూడిదగా ఉండి మొదలు ఎర్రగా ఉంటే, ఈక ఎదుగుతుండగానే లోపల ఏదో మారిందని అర్థం. పూర్తయ్యాక ఈకకి ప్రాణం ఉండదు, ఇక రంగు మార్చుకోలేదు. మేత బాగుచేసినా ఆ ఫలితం ఈకలు మారేదాకా కనిపించదు. పొద్దుతిరుగుడు గింజలే మేతగా పెడితే విటమిన్ ఏ, కాల్షియం చాలక ఈకలు మసకబారతాయి, అడ్డంగా గీతలు పడతాయి. 

కొనేముందు కాగితాలూ అడగాలి. గ్రే ప్యారట్ల అంతర్జాతీయ వ్యాపారం మీద 2017 నుంచి అత్యంత కఠినమైన ఆంక్షలున్నాయి. మన దగ్గర 2022 వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం పక్షిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మన రామచిలకనైతే అసలు పెంచుకోకూడదు.

వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షలో తెలుస్తుంది. దానికి రక్తమో, అప్పుడే పీకిన ఈకో కావాలి, పంజరం అడుగున పడి ఉన్నది పనికిరాదు. పాజిటివ్ వచ్చినా పక్షి హుషారుగా, ఈకలు బాగానే ఉంటే విడిగా ఉంచి, 90 రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తారు. కొన్ని పక్షులు వైరస్‌ను వదిలించుకుంటాయి.