పాత స్పోర్ట్స్ కారును కంపెనీకే పంపాలా? అపోహలు – వాస్తవాలు

షెడ్డులో పాత స్పోర్ట్స్ కారు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "ఇక్కడ ఎవరి చేతిలోనో పెట్టి పాడు చేసుకోవడమెందుకు? చేసిన కంపెనీకే పంపేద్దాం." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ మాట ఇంకా సబబుగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ కార్ల షోరూమ్ కోసమే విశాఖ దాకా వెళ్లాలి. కానీ ఇది కంపెనీ పేరు చూసి తీసుకునే నిర్ణయం కాదు. కారులో ఏది పోయింది, ఏది మిగిలింది, కారు మీది నంబర్లు కాగితాల్లోని నంబర్లతో కలుస్తున్నాయా? ముందు ఈ మూడూ తేలాలి. అవి తేలకుండా కారును కదిలిస్తే డబ్బుతో పాటు కొన్నిసార్లు కారే చేజారిపోతుంది.

అపోహ: ఏ కంపెనీ అయినా తను చేసిన పాత కారును బాగుచేసి ఇస్తుంది

ఆ పని పెట్టుకున్న కంపెనీలు కొన్నే. మెర్సిడెస్ బెంజ్ 1993లో జర్మనీలోని ఫెల్‌బాహ్‌లో క్లాసిక్ సెంటర్ తెరిచింది. ఫెరారీ 2006 నుంచి మరనెల్లోలో 'క్లాసికే' విభాగం నడుపుతోంది. లంబోర్గినీ 'పోలో స్టోరికో' 2015లో వచ్చింది. జాగ్వార్‌కు కోవెంట్రీలో, ఆస్టన్ మార్టిన్‌కు న్యూపోర్ట్ పాగ్నెల్‌లో ఇలాంటి వర్క్‌షాపులున్నాయి. హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ కార్లకు 1993లోనే 'రిఫ్రెష్ ప్లాన్' మొదలుపెట్టింది. మాజ్దా మొదటి తరం రోడ్‌స్టర్‌కు 2017లో ఇలాంటి పథకం ప్రకటించింది. ఈ రెండూ జపాన్‌లో ఉన్న కార్లను దృష్టిలో పెట్టుకుని పెట్టినవి. నిస్సాన్ పాత స్కైలైన్ జీటీఆర్‌కు, టయోటా పాత సుప్రాకు ప్రధానంగా చేస్తున్నది ఆగిపోయిన పార్టులను మళ్లీ తయారుచేసి అమ్మడం.

విశాఖలో ఆ బ్రాండు షోరూమ్ ఉంది కదా అనుకోవద్దు. షోరూమ్ సర్వీసు వేరు, క్లాసిక్ విభాగం వేరు. ఎమ్‌జీ సంగతే చూడండి. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే ఎమ్‌జీ పేరు చైనా కంపెనీ సాయిక్ చేతిలో ఉంది. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులో తయారైన ఎమ్‌జీబీకి ఈ షోరూమ్‌లో ఒక్క బోల్టు కూడా దొరకదు. అయినా ఆ కారు అనాథ కాదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత అచ్చులతోనే ఎమ్‌జీబీ బాడీ షెల్లులు 1988 నుంచి చేస్తోంది. అసలు కంపెనీ మూతపడినా పార్టులు పుష్కలంగా దొరికే కార్లున్నాయి. కంపెనీ బతికే ఉండి పార్టు దొరకని కార్లూ ఉన్నాయి.

అపోహ: తుప్పు పైపైనే ఉంది, పెయింటు వేస్తే సరి

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. భోగాపురం నుంచి కళింగపట్నం, బారువ దాకా తీరం వెంట ఉప్పుగాలి ఏడాది పొడవునా తగులుతూనే ఉంటుంది. ఆ ఉప్పు బోనెట్ మీద కూర్చుంటే కడుక్కోవచ్చు. డోరు కింద పొడవునా డబ్బాలా మూసుకుని ఉండే భాగంలోకి చేరితే అక్కడ కడిగే నాథుడు లేడు. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పెయింటు మీద శనగగింజంత బుడగ కనబడేసరికి లోపల అరచేయంత రేకు తినేసి ఉంటుంది.

చూసే పద్ధతి ఇది. కార్పెట్టు లేపి, స్క్రూడ్రైవర్ పిడితో నేల రేకు పొడవునా తడుతూ రండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పోయిన చోట మొద్దుగా పలుకుతుంది. డోరు కింద డబ్బాకు అడుగున నీళ్లు కారే కన్నాలుంటాయి. వాటిలో 3 మిల్లీమీటర్ల మెత్తటి తీగ దూర్చి తిప్పండి. పొడి దుమ్ము రాలితే ఫరవాలేదు. ఎర్రటి రేకు పెచ్చులు రాలితే, లేదా తడి మట్టి ఉండలా వస్తే, రబ్బరు బిరడా ఒకటి తీసి ఫోనుకు తగిలించే ఎండోస్కోపు కెమెరా లోపలికి పంపాల్సిందే. ముందు అద్దం కింద గాలి లోపలికి తీసుకునే గుంటలో వేపాకు, మామిడాకు పొడి చేరి నీళ్ల దారి మూసేస్తుంది. 1971–1989 మధ్య వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్ కార్లలో ఆ గుంట అడుగే మొదట పోతుంది. డ్రైవరు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే అక్కడ వెతకండి. పోర్షా 911లో 1976 మోడల్ నుంచి బాడీ రేకుకు జింకు పూత ఉంది. అంతకు ముందుదైతే అనుమానంతోనే చూడాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ బాడీ అల్యూమినియం కాబట్టి ఎర్ర తుప్పు రాదు. కానీ ఇనుప బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట తెల్లటి పొడి కడుతుంది, ఉప్పు తేమలో అది ఇంకా జోరందుకుంటుంది.

పెయింటు మందం కొలిచే మీటరుతో ప్రతి ప్యానెల్ మీద కనీసం 5 చోట్ల కొలవండి. అల్యూమినియం మీద కూడా పనిచేసే మీటరే తీసుకోవాలి. మామూలు కంపెనీ పెయింటు 100 నుంచి 150 మైక్రాన్లు. 250 దాటితే మళ్లీ వేసిన పెయింటు. 1,000 దాటితే దాని కింద ఉన్నది పుట్టీ. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లను చూసిన కారైతే సీటు పట్టాల కింద, డ్యాష్‌బోర్డు వెనక మట్టి చార ఉందేమో టార్చి వేసి చూడండి.

మా లెక్క ఇదీ. బోల్టు విప్పితే ఊడొచ్చే భాగాలు, అంటే డోరు, బోనెట్, మడ్‌గార్డు రేకు, వీటిలో తుప్పుంటే ఇక్కడే చేయించుకోండి. డోరు కింది డబ్బా, నేల, సస్పెన్షన్ తగులుకునే చోటు, అద్దం పక్క స్తంభాలు, వీటిలో రెండు చోట్ల పోయిందంటే కారును జిగ్గు (బాడీని కొలతల ప్రకారం కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం) మీద బిగించి కొలతలు చూసుకుంటూ వెల్డు చేయాలి. జిగ్గు లేని షెడ్డులో కోసి అతికితే కారు వంకర తిరుగుతుంది. డోరు సందులు ఒక పక్క 4, ఇంకో పక్క 7 మిల్లీమీటర్లు రావడం దాని గుర్తు. అప్పుడు కంపెనీ, లేదా ఆ మోడలే పనిగా పెట్టుకున్న స్పెషలిస్టు గురించి ఆలోచించాలి.

అపోహ: పంపడమంటే విశాఖ పోర్టులో ఓడ ఎక్కించడమే

20 అడుగుల కంటైనర్‌లో ఒక స్పోర్ట్స్ కారు హాయిగా పడుతుంది. కష్టమంతా తిరిగి రావడంలోనే. మన దిగుమతి నిబంధనల ప్రకారం 3 ఏళ్లు దాటిన వాడిన కారును మామూలుగా తెచ్చుకోవడానికి వీల్లేదు, బాగా పాతవైన వింటేజ్ కార్లకు వేరే నిబంధన ఉంది. మీ కారు మీకే తిరిగి రావాలంటే అది మరమ్మతుకు వెళ్లి వస్తున్న అదే కారు అని కస్టమ్స్‌కు రుజువు కావాలి. దీనికి దారి, మరమ్మతుకు వెళ్లి వచ్చే సరుకుకు ఉన్న కస్టమ్స్ మినహాయింపు. దాని కింద సుంకం కారు మొత్తం విలువ మీద పడదు. మరమ్మతు ఖర్చు, అందులో వేసిన పార్టుల ఖర్చు, రానూపోనూ రవాణా, ఇన్సూరెన్సు, వీటి మీదే పడుతుంది. కారు 3 ఏళ్లలోపు వెనక్కి రావాలి. సరైన కారణం చూపితే గడువు పెంచే వీలుంది. ఈలోగా యజమాని మారకూడదు.

అందుకే పంపేటప్పుడు షిప్పింగ్ బిల్లులో (ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే కాగితం) 'మరమ్మతు చేసి తిరిగి తేవడానికి' అన్న మాట, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తప్పకుండా ఉండాలి. రెండు నంబర్లకూ దగ్గరి ఫొటోలు, పెన్సిలు రుద్ది తీసిన కాగితపు ముద్రలు జతచేయండి. పెద్ద కంపెనీల దగ్గర పోయిన ఇంజిన్ బ్లాకు బదులు కొత్తది పెట్టే పద్ధతి కూడా ఉంది. అది వాళ్లకు మామూలు విషయమే, మీకు మాత్రం తిరిగొచ్చేటప్పుడు నంబరు కలవదు. "మమ్మల్ని అడగకుండా నంబరున్న ఏ భాగమూ మార్చొద్దు" అని ఒప్పందంలోనే రాయించండి. ఆర్సీ చెల్లుబాటు కూడా పంపేముందే చూసుకోవాలి. 15 ఏళ్లు దాటాక రెన్యువల్ 5 ఏళ్లకోసారి. కారు విదేశంలో ఉండగా గడువు తీరితే తనిఖీకి చూపించడానికి కారు చేతిలో ఉండదు.

అపోహ: కంపెనీ చేస్తే కారు విలువ తప్పక పెరుగుతుంది

కంపెనీ దగ్గర నిజంగా విలువైనది దాని రికార్డు. ఆ ఛాసిస్ ఏ రంగులో, ఏ ఇంజిన్‌తో, ఏ లెదరుతో బయటికి వచ్చిందో రాసుకున్న పుస్తకం. ఫెరారీ క్లాసికే సర్టిఫికెట్‌లో చూసేది కూడా ఛాసిస్, ఇంజిన్, గేర్‌బాక్సు లాంటివి ఆ కారుకు పుట్టుకతో వచ్చినవేనా అన్నదే. పాత ఎమ్‌జీ, ట్రయంఫ్‌లకు ఇంగ్లండులోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్టు ఇలాంటి పత్రమే ఇస్తుంది. ఈ కాగితం తెప్పించుకోవడానికి కారును కదపక్కర్లేదు. మొదటి ఖర్చు దీని మీదే పెట్టండి. కారు మొదట ఏ రంగుదో తెలియకుండా ఎర్ర రంగు వేయించుకున్నాక పశ్చాత్తాపపడి లాభం లేదు.

ఇంకోటి. అసలు పెయింటు మిగిలి ఉన్న కారును గీకి కొత్త పెయింటు వేస్తే, అది ఎంత గొప్ప వర్క్‌షాపులో జరిగినా, ఆ పాత పెయింటు మళ్లీ రాదు. బుడితి కంచు చెంబును మెరిపించాలని ఆకురాయితో రుద్దితే నగిషీ కూడా పోతుంది కదా, ఇదీ అంతే. గీతలున్నా అసలుదైన పెయింటును కాపాడుకోవడమే మేలని మా గట్టి అభిప్రాయం.

అపోహ: మన మేస్త్రులకు ఇలాంటి కారు చేతకాదు

లారీలకు పేరుపడ్డ సాలూరు లాంటి ఊళ్లలో లేత్ పని, స్ప్రింగు పట్టీల పని, బుష్‌లు చేసే పని తెలిసిన చేతులున్నాయి. విశాఖ ఆటోనగర్‌లో క్రాంక్ గ్రైండింగ్, సిలిండర్ బోరింగ్ దొరుకుతాయి. మేస్త్రికి ఆ కారు వర్క్‌షాపు మాన్యువల్‌లోని కొలతలు ఇవ్వకుండా, "మీకు తెలిసినట్టు చేయండి" అన్నప్పుడే పని చెడుతుంది. బిగింపు ఎన్ని న్యూటన్ మీటర్లు, బేరింగు సందు ఎన్ని మైక్రాన్లు అన్నది కాగితం మీద రాసి షెడ్డు గోడకు అంటించండి.

ఇక్కడ చేయించగలిగినవి: బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, సీట్ల కుట్టు, మామూలు ఇనుప బ్లాకు ఇంజిన్ రీబోరు. బయటికి పంపాల్సినవి: అల్యూమినియం బాడీ వెల్డింగు, సిలిండర్ గోడకు నికెల్ పూత ఉన్న ఇంజిన్లు, పాత ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు. వీటికి కూడా మొత్తం కారు వెళ్లక్కర్లేదు. ఆ భాగాన్ని విప్పి పంపితే చాలు.

పెయింటు మాత్రం వాతావరణాన్ని బట్టి. గాలిలో తేమ 85 శాతం దాటితే స్ప్రే గన్ను పట్టుకోకూడదు. రేకు వేడి, మంచు పట్టే వేడి కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేకపోతే కంటికి కనబడని తేమ పొర మీద ప్రైమర్ పడి, ఆరు నెలల్లో బుడగలు లేస్తాయి. మన దగ్గర జూలై నుంచి అక్టోబరు దాకా ఈ పని ఆపేయడం మంచిది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పొద్దెక్కి మంచు విడిచాక మొదలుపెట్టాలి. గీకిన రేకును రాత్రి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు తిరుగుతుంది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేయాలి, పుట్టీ దాని పైన, 3 మిల్లీమీటర్లకు మించకుండా. పల్చటి రేకుల మీద ఇసుక బ్లాస్టింగు వద్దు, వేడికి అల తిరిగిపోతాయి.

అపోహ: నడపకుండా కప్పి ఉంచితే చెడిపోదు

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులోని ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవుంటే నీళ్లు అడుగుకు చేరి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, పాత రబ్బరు పైపులు ఉబ్బుతాయి. కారు ఆపేముందు ట్యాంకు ఖాళీ చేసి, పైపులను ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి. డాట్ 4 బ్రేకు ఆయిలు కనీస మరుగు స్థాయి కొత్తదానికి 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. రెండేళ్లకోసారి మార్చాలి.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌కు సెల్ఫ్ కొట్టవద్దు. స్పార్కు ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో 10 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిలు పోసి, ఒక రోజు ఉంచి, క్రాంకు పుల్లీకి స్పానరు పట్టి చేత్తో తిప్పండి. రెండు పూర్తి చుట్లు అడ్డం లేకుండా తిరిగాకే ముందుకెళ్లాలి. టైమింగు బెల్టు పాతదైతే అప్పుడే మార్చేయాలి. ఎన్‌ఎస్‌ఎక్స్ లాంటి ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇంజిన్ నడిచి వేడెక్కాక, ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, మీటరుతో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటితే, ఒత్తిడి ఎక్కడ జారిపోతోందో పట్టే లీక్ టెస్టు చేయించాలి.

1990ల మొదట్లో వచ్చిన మెర్సిడెస్ కార్లయితే ఇంజిన్ మీది వైరింగ్‌ను ముందు చూడాలి. ఆ తీగల పైపొర వయసుతో పెళుసుబారుతుంది. రెండు వేళ్లతో మెల్లిగా వంచితే వేయించిన జీడిపప్పు పొట్టులా రాలిపోయి రాగి బయటపడుతుంది. దాన్ని టేపు చుట్టి సరిపెడితే కంట్రోల్ యూనిట్ కాలిపోతుంది. హార్నెస్ (ఆ తీగల కట్ట) మొత్తం కొత్తది వేయడమే దారి, దీన్ని ఇక్కడే బిగించుకోవచ్చు.

అపోహ: ఇంజిన్ బ్లాకు పగిలితే పారేసి ఇంకోటి పెట్టుకోవచ్చు

పారేయొద్దు. ఇనుప బ్లాకు పగులును వెల్డింగు లేకుండా మెటల్ స్టిచింగు పద్ధతిలో పిన్నులతో కుట్టించవచ్చు. అదీ కుదరక వేరే ఇంజిన్ పెడితే రవాణా శాఖ అనుమతి, ఆర్సీలో నమోదు తప్పనిసరి. పాత బ్లాకుకు గ్రీజు పూసి, చెక్కపెట్టెలో పెట్టి కారుతో పాటే ఉంచండి.

అపోహ: బాగుచేయిస్తే వింటేజ్ నంబరు వచ్చేస్తుంది

2021 నిబంధనల ప్రకారం కారుకు 50 ఏళ్లు నిండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, వీఏ అక్షరాలున్న ప్లేటు. ఆ నంబరుతో రోజూ తిప్పుకోవడం కుదరదు.

అపోహ: ఒకసారి ఎస్టిమేటు ఇచ్చారంటే అంతే అవుతుంది

విప్పకుండా ఎవరూ సరైన లెక్క చెప్పలేరు, కంపెనీ అయినా సరే. అందుకే రెండు ఒప్పందాలు చేసుకోండి. మొదటిది విప్పి, చూసి, రాసి ఇవ్వడానికి మాత్రమే. ఆ నివేదిక చూశాక రెండోది, దశలవారీగా: బాడీ, పెయింటు, ఇంజిన్, వైరింగు, లోపలి పని. ఒక దశ కళ్లారా చూశాకే తర్వాతి దశకు డబ్బు. వెల్డింగు అయ్యాక, ప్రైమర్ వేయకముందు ఫొటోలు తప్పక అడగండి. ఆ రేకు మళ్లీ కంటికి కనబడేది ఇంకో 30 ఏళ్ల తర్వాతే. విప్పిన ప్రతి బోల్టునూ జిప్ సంచిలో వేసి, ఏ భాగానిదో తెలుగులోనే చీటీ రాసి పెట్టించండి. పాతవి, పనికిరానివి కూడా మీకే తిరిగివ్వాలని ఒప్పందంలో ఉండాలి. దొరకని క్లిప్పు ఒకటి కొత్తగా చేయించాలంటే లేత్ మేస్త్రికి నమూనాగా ఆ పాతదే కావాలి.