మిడ్‌ఫీల్డ్ గొడవ గురించి మావయ్య ఉత్తరం

చిన్నీ, బాబీ,

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టీమ్ మిడ్‌ఫీల్డ్‌లో, అంటే డిఫెన్స్‌కీ ఫార్వర్డ్స్‌కీ మధ్య వరసలో, బెల్లింగ్‌హమ్‌ని ఆడించాలా రోజర్స్‌ని ఆడించాలా అని మీ ఇద్దరి మధ్య గొడవ ఇంకా తెగలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బాబీ ఏమో ఇంగ్లండ్ మేనేజర్ టుకెల్‌కి ఫుట్‌బాల్ తెలీదని తేల్చేశాడంట, చిన్నీ ఏమో గెలుస్తున్న టీమ్‌ని ఎవరైనా మారుస్తారా అంటోందంట. మంచి గొడవే, ఇట్లాంటి వాటి మీద వాదించుకోవాలి కూడా, లేకపోతే అర్ధరాత్రి దాకా మేలుకుని ఆట చూడ్డం దేనికి. కాకపోతే మీ వాదనలో ఒకటి తక్కువవుతోంది అనిపించింది, అది చెబుదామనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు ఇద్దరూ ఎవరు బాగా ఆడతాడు అని మాట్లాడుతున్నారు. మిడ్‌ఫీల్డ్ విషయంలో అసలు అడగాల్సింది అది కాదు రా. బంతి మన దగ్గర లేనప్పుడు ఎవడు ఎక్కడ నిలబడతాడు, ఒకడు ముందుకి పరిగెత్తితే వాడి వెనకాల ఖాళీ ఎవడు కాస్తాడు, అది అడగాలి. పెళ్ళిలో అందరూ పందిట్లో వడ్డించడానికే ఎగబడితే పొయ్యి దగ్గర ఎవరుంటారు చెప్పండి.

ఇంగ్లండ్ వాళ్ళకి ఈ జబ్బు ఇప్పటిది కాదు, 2004 యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, అక్కడి నుంచి చెప్తాను ఎందుకంటే అప్పటికి మీరు పుట్టలేదు. అప్పటి మేనేజర్ స్వెన్ గోరన్ ఎరిక్సన్, స్వీడన్ ఆయన. ఆయన చేతిలో బెక్‌హామ్, జెరార్డ్, లాంపార్డ్, స్కోల్స్ నలుగురూ ఉన్నారు, నలుగురూ వాళ్ళ వాళ్ళ క్లబ్బుల్లో రాజులే. దేశం మొత్తం నలుగురినీ ఆడించాల్సిందే అంది, ఆయన కూడా ఆడించాడు, నలుగురిని ఒకే వరసలో పెట్టి ముందు ఓవెన్, రూనీ. బెక్‌హామ్ కుడిపక్క సరే, అది అతని చోటే. మధ్యలో జెరార్డ్, లాంపార్డ్. మరి స్కోల్స్? ఎడమపక్కకి తోసేశారు! స్కోల్స్ అంటే మైదానం మధ్యలో నిలబడి అటూ ఇటూ బంతి పంచేవాడు, మైదానం పక్క గీత పట్టుకుని పరిగెత్తేవాడు కాదు, కాబట్టి అతను ఊరికే లోపలికి వచ్చేసేవాడు, ఎడమపక్క మొత్తం పాపం ఎడమ డిఫెండర్ యాష్లీ కోల్ ఒక్కడి నెత్తిన పడేది.

మధ్యలో ఇద్దరి సంగతి ఇంకోటి. లాంపార్డ్ చెల్సీలో గోల్స్ కొట్టాడంటే వెనకాల మకెలెలే లాంటివాడు కాపలా ఉండబట్టి. జెరార్డ్‌కి కూడా లివర్‌పూల్‌లో వెనక హమాన్ లాంటివాడు ఉండేవాడు. ఇంగ్లండ్ షర్ట్ వేసుకునేసరికి ఇద్దరికీ ముందుకే వెళ్ళాలని ఉంటుంది, ఒకడు ఆగాలి, ఎవడు ఆగాలో ఎవడికీ తేలదు. ఇద్దరూ మంచివాళ్ళే ఇద్దరూ కష్టపడేవాళ్ళే, అందుకే ఇది ఎవరి తప్పు అనేది కాదు, ఎంపిక అనేది అక్కడే దెబ్బతింది అంటున్నా.

లిస్బన్‌లో ఫ్రాన్స్ మీద మొదటి మ్యాచ్ చూడండి ఎక్కడైనా దొరికితే. లాంపార్డ్ తలతో గోల్ కొట్టాడు, బెక్‌హామ్ పెనాల్టీని ఫ్రాన్స్ కీపర్ బార్తెజ్ ఆపేశాడు, అయినా తొంభై నిమిషాలు అయ్యేదాకా ఇంగ్లండే 1-0 లీడ్‌లో ఉంది. తర్వాత ఇంజురీ టైమ్‌లో జిదాన్ ఫ్రీకిక్, గోల్. సరే డ్రా అయినా మిగులుతుంది అనుకునేలోపు జెరార్డ్ చూసుకోకుండా గోల్‌కీపర్‌కి బ్యాక్‌పాస్ ఇచ్చాడు, ఆ బంతికి హెన్రీ అడ్డం వచ్చాడు, కీపర్ జేమ్స్ అతన్ని పడేశాడు, పెనాల్టీ, మళ్ళీ జిదానే, 2-1. అందరూ ఆ బ్యాక్‌పాస్ గురించే మాట్లాడారు. నేను మాత్రం దానికి ముందు చాలాసేపు ఇంగ్లండ్ బంతి పట్టుకోలేక వెనక్కి వెనక్కి పోవడం చూడమంటాను, అన్ని పెద్ద పేర్లు ఉన్న మిడ్‌ఫీల్డ్‌కి బంతి దాచుకోవడం చేతకాలేదు. ఆ టోర్నీలో క్వార్టర్స్‌లో పోర్చుగల్ మీద 2-2 అయ్యి పెనాల్టీల్లో పోయారు, ఆ ఆగస్టులోనే స్కోల్స్ ఇంక దేశానికి ఆడనని తప్పుకున్నాడు, అప్పటికి అతనికి ముప్ఫై నిండలేదు. 66 మ్యాచ్‌లతో ఆగిపోయాడు. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇక్కడ హార్‌గ్రీవ్స్ గురించి కూడా చెప్పాలి ఎందుకంటే బాబీ నువ్వు ఇప్పటి ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ ఎలియట్ ఆండర్సన్ గురించి వాడెవడు అన్నావంట. ఓవెన్ హార్‌గ్రీవ్స్ కెనడాలో పుట్టాడు, జర్మనీలో బయర్న్‌కి ఆడేవాడు, ఇంగ్లండ్ జనానికి ఎప్పుడూ కళ్ళెదురుగా లేడు కాబట్టి ఇతన్ని ఎందుకు తీసుకుంటారు అని సొంత ఫ్యాన్సే అరిచి వెక్కిరించేవాళ్ళు. 2006 వరల్డ్ కప్ క్వార్టర్స్, మళ్ళీ పోర్చుగలే, రూనీకి రెడ్ కార్డ్ పడింది, పదిమందితో గంటసేపు ఆడాలి. ఆ గంట హార్‌గ్రీవ్స్ పరిగెత్తిన పరుగు, లాక్కున్న బంతులు చూసి తిట్టిన నోళ్ళన్నీ మూసుకున్నాయి. షూటౌట్‌లో లాంపార్డ్, జెరార్డ్, కారాగర్ మిస్ చేశారు, ఇంగ్లండ్ తరఫున గోల్ వేసింది ఇతనొక్కడే. ఆ ఏడాది ఇంగ్లండ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్‌గా ఫ్యాన్సే ఓటేసి గెలిపించారు.

ఇప్పుడు మీకు గుర్తున్న దానికి వద్దాం, 2024 యూరో. అప్పటి మేనేజర్ సౌత్‌గేట్‌ని తిట్టని వాళ్ళు లేరు. మిడ్‌ఫీల్డ్‌లో వెనక కాపలా కాసే డెక్లాన్ రైస్ పక్కన ఎవరు అనేదే అసలు సమస్య. అంతకుముందు యూరోలో కాల్విన్ ఫిలిప్స్ ఆ పని చేశాడు, ఇద్దరూ కలిసి ఫైనల్ దాకా మోసుకొచ్చారు, తర్వాత ఫిలిప్స్ ఆట పడిపోయింది, అలాంటివాడు మళ్ళీ దొరకలేదని సౌత్‌గేట్ బయటికే చెప్పాడు. అందుకని ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌ని, కుడిపక్క డిఫెండర్‌ని, మధ్యలో పెట్టాడు. పాస్ ఇవ్వడంలో ట్రెంట్‌ని మించినవాడు ఆ టీమ్‌లో లేడు అంటే ఒప్పుకుంటాను. కానీ నాలుగు వైపుల నుంచీ మనుషులు మీద పడుతుంటే వీపు వెనక ఎవడున్నాడో తెలిసి తిరగడం వేరే విద్య, అది చిన్నప్పటి నుంచీ మధ్యలో ఆడినవాడికే వస్తుంది. సెర్బియా మీద ఎలాగో 1-0 గెలిచారు, డెన్మార్క్ మీద 1-1, ఆ మ్యాచ్‌లో 54వ నిమిషంలోనే ట్రెంట్‌ని తీసేశాడు. తర్వాత స్లొవేనియా మీద గల్లఘర్‌ని పెట్టి హాఫ్‌టైమ్‌కే మార్చేశాడు, అప్పుడొచ్చాడు కోబీ మైనూ, పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ తర్వాత ఫైనల్ దాకా చోటు అతనిదే.

ఇందులో నేను సౌత్‌గేట్‌ని తప్పు పట్టేది ట్రెంట్‌ని ప్రయత్నించినందుకు కాదు. 2023లో మాల్టా మీద ట్రెంట్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడి గోల్ కూడా కొట్టాడు, కాబట్టి గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు అది. కానీ మాల్టా అసలు మీదకి వచ్చి నొక్కే టీమేనా? గట్టి టీముల మీద ముందే ఆడించి చూసుకోవాల్సింది, టోర్నీలోకి దిగాక పరీక్షలు పెట్టుకోకూడదు. అలాగే ఆడం వార్టన్ అనే మిడ్‌ఫీల్డర్‌ని స్క్వాడ్‌లోకి తీసుకుని ఒక్క నిమిషం కూడా ఆడించలేదు, అది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అదే యూరో బెర్లిన్ ఫైనల్‌లో ఇంకో సంగతి ఉంది, మీరిద్దరూ దీని మీద వాదించుకోండి కావాలంటే. స్పెయిన్ 1-0 ముందుంది, 70వ నిమిషంలో మైనూని తీసి కోల్ పామర్‌ని దింపాడు, అంటే మధ్యలో కాపలావాణ్ణి తీసి గోల్ కొట్టేవాణ్ణి పెట్టాడు. మూడు నిమిషాల్లో పామర్ గోల్ కొట్టేశాడు, బెల్లింగ్‌హమ్ అందించిన బంతే. అందరూ ఆహా ఏం మార్పు అన్నారు. 86వ నిమిషంలో ఒయార్సబాల్ గోల్‌తో స్పెయిన్ గెలిచేసింది. ఇప్పుడు ఆ మార్పు మంచిదా చెడ్డదా? నా లెక్కలో మంచిదే, వెనకబడి ఉన్నప్పుడు గోల్ కావాలి, గోల్ వచ్చింది. స్కోర్ సమం అయ్యాక మధ్యలో మళ్ళీ ఇంకో మనిషిని పెట్టి బంతి పట్టుకోకపోవడమే నాకు నచ్చనిది. మ్యాచ్ అయిపోయాక చెప్పడం తేలికే అని నాకూ తెలుసు, అందుకే మేనేజర్‌ని అనేటప్పుడు ఆ నిమిషానికి ఆయనకి ఏం తెలుసు అన్నది కూడా చూసుకుని అనండి.

అన్నట్టు మన హైదరాబాద్ రహీం గారి గురించి మీ స్కూల్లో ఎవరూ చెప్పి ఉండరు. సయ్యద్ అబ్దుల్ రహీం, ఇండియా టీమ్ కోచ్, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చాడు, అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడాదే పోయాడు. మన సికింద్రాబాద్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆ టీమ్‌లో వాళ్ళే. మొదటి మ్యాచే దక్షిణ కొరియా మీద 2-0 ఓడిపోయారు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి టోర్నీ మధ్యలో తల పగిలి కుట్లు పడ్డాయి, అలాంటివాణ్ణి రహీం గారు సెమీస్‌లో, ఫైనల్‌లో ఫార్వర్డ్‌గా పెట్టాడు! రెండింటిలోనూ గోల్ కొట్టాడు జర్నైల్, ఫైనల్‌లో అదే కొరియా మీద 2-1 గెలిచారు. చోటు మార్చినా అది ఊరికే మార్చడం కాదు, జర్నైల్ అంతకుముందు ఫార్వర్డ్‌గా ఆడినవాడే, ఆ సంగతి ఆయనకి తెలుసు. మనవాళ్ళు ఇంతటి మనిషిని మర్చిపోవడం నాకు బాధగా ఉంటుంది.

సరే మీ గొడవకి వస్తాను. 2025 సెప్టెంబర్‌లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా మీద ఇంగ్లండ్ 5-0 గెలిచింది, రైస్ పక్కన ఎలియట్ ఆండర్సన్, ముందు మోర్గన్ రోజర్స్. అప్పుడు బెల్లింగ్‌హమ్ భుజం ఆపరేషన్ అయ్యి ఇంకా కోలుకుంటున్నాడు. అక్టోబర్‌లో తిరిగి ఆడుతున్నా కూడా టుకెల్ అతన్ని పిలవలేదు, గెలిచిన గ్రూప్‌నే ఉంచుతా అన్నాడు, నవంబర్‌లో పిలిచాడు. 2026 వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో ఎనిమిదికి ఎనిమిది గెలిచారు, 22 గోల్స్ కొట్టి ఒక్కటి కూడా తినలేదు. కాబట్టి బాబీ, ఆయనకి ఫుట్‌బాల్ తెలీదనే మాట వెనక్కి తీసుకో. చిన్నీ, నువ్వూ ఒకటి ఆలోచించు, ఆ ఎనిమిదింటిలో ఫ్రాన్స్ లేదు, స్పెయిన్ లేదు.

ఇంకమీదట వాదించేటప్పుడు ఒక రూల్ పెట్టుకోండి, ఎవర్ని పెట్టాలో చెప్పినవాళ్ళు ఎవర్ని తీయాలో కూడా చెప్పాలి, తీసినవాడి పని ఎవడు చేస్తాడో కూడా చెప్పాలి. నా వంతు నేను చెప్పేస్తున్నా: రైస్, ఆండర్సన్ కదలకూడదు, వాళ్ళ ముందు బెల్లింగ్‌హమ్, రోజర్స్ బెంచ్ మీద. రోజర్స్ చేసే ఆ పరుగు, డిఫెన్స్ మీదకి వెళ్ళి నొక్కడం, బెల్లింగ్‌హమ్ తొంభై నిమిషాలూ చేయడు కాబట్టి 65వ నిమిషం దగ్గర మార్చాలి, అతను మొహం ముడుచుకున్నా సరే మార్చాలి. ఇంకో మిడ్‌ఫీల్డర్ ఫోడెన్‌కి నా టీమ్‌లో మొదటి పదకొండులో చోటు లేదు, అది రాస్తుంటే నాకే కష్టంగా ఉంది. మీ ఇద్దరి టీములూ పేపర్ మీద రాసి ఫోటో తీసి పంపండి, టీమ్‌లోంచి తీసేసినవాళ్ళ పేర్లు కింద రాయడం మర్చిపోకండి, ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ మావయ్య